నలభై రెండో రోజు

అమలాపురం. బ్లడ్ బ్యాంకు. రాత్రి డ్యూటీ.
ఫ్రిజ్ ముల్లు నాలుగు దగ్గర నిలబడి ఉంది.
పక్క గదిలో ప్లేట్‌లెట్ల ఊయల
అటూ ఇటూ, అటూ ఇటూ.
ఆపితే అంటుకుపోయే పసుపు సంచులు,
ఐదు రోజుల ఆయుష్షు వాటిది.
ఎర్ర సంచులకు నలభై రెండు.

ఓ నెగెటివ్ ఒకటి నిన్నటితో తేదీ దాటింది.
ముమ్మిడివరం ఆటో డ్రైవర్ ఇచ్చాడది.
సూది గుచ్చుతుంటే మొహం గోడవైపు తిప్పుకుని
"ఎవరికెళ్తదండీ?" అని అడిగాడు.
ఎవరికీ వెళ్లలేదు తమ్ముడూ.
రిజిస్టర్లో గీత గీసి
పారేసే సంచిలో వేశాను.
ఎవరికీ అక్కర పడకపోవడం మంచిదే కదా
అని మనసుకి చెప్పాను.
అది వినలేదు.

ఓడలరేవు దగ్గర రొయ్యల హేచరీలో మా మరిది మావుళ్ళు
పోయిన ఆదివారం ఒక రేకు డబ్బా మూత తీశాడు.
కాఫీ పొడి అనుకున్నాను.
"గుడ్లు వదినా. ఉప్పు మడుగుల్లో పురుగువి.
ఎండిపోయి రెండేళ్లయింది."
చెంచాడు ఉప్పునీళ్లలో పోసి
గాలి గొట్టం పెట్టి బల్బు వేశాడు.
మర్నాటికి నీళ్లనిండా
నారింజరంగు నుసి,
ఈదుతోంది.
రొయ్యపిల్లలకు ఆ పూట మేత.

రెండేళ్లు!
ఫ్రిజ్ లేదు. తుపాను రాత్రి
జనరేటర్‌కి డీజిల్ వెతుక్కోవడం లేదు.
లోపల ఒక చక్కెర ఉంటుందట.
నీరు ఖాళీచేసి వెళ్లిన ప్రతిచోటా
అది వచ్చి నిలబడుతుందట,
వరద తీశాక లంకలో మట్టిగోడకు
తాటిదుంగ పోటు పెట్టినట్టు.

ప్రోటీన్ అంటే మడతే.
కుచ్చిళ్లు జారిపోతే చీర ఉత్త గుడ్డ.
ఆ కుచ్చిళ్లను ఎండలో కూడా పట్టుకోగలదు చక్కెర.
ఆత్రేయపురంలో చాపల మీద తాండ్ర పరిచే ఆడవాళ్లు
సగం సంగతి ఎప్పుడో చెప్పేవారు,
మనం అడగలేదు.

కానీ ఎర్రకణం మొండిది.
ఆ చక్కెరను గుమ్మం దాటనివ్వదు.
ఊరికే గడ్డకట్టిస్తే మంచు సూదులై మొలిచి
దాని పొట్ట చీలుస్తుంది.
ఎక్కడో ప్రయోగశాలల్లో
ఆరబెట్టి, మళ్లీ తడిపి,
ఎన్ని లేచాయో లెక్కపెడుతున్నారట.
ఇంకా లెక్క తేలలేదు.
అందాకా నా గీతలు నావి.

మూడింటికి తలుపు కొట్టారు.
పడవ దిగి, ఎవరిదో మోటార్‌సైకిలెక్కి
లంక నుంచి కరుణమ్మ.
ఒళ్లో తొమ్మిదేళ్ల యెషయా,
మోకాలు కొబ్బరిబోండమంత.
పడలేదట. నిద్రలో పక్కకి తిరిగాడంతే.

ఫ్యాక్టర్ సీసా తీశాను.
అడుగున తెల్లటి బిళ్ల, సుద్దముక్కలా.
ఎందరి ప్లాస్మాయో, పక్కన పిసరు చక్కెర.
నీళ్లు గోడవెంట జారనిచ్చాను.
కుదపకూడదు, నురగొస్తే మడత చెదురుతుంది.
నిద్రపోయే పిల్లాడి తల దిండు మీదికి జరిపినట్టు
మెల్లగా తిప్పాను.
పొడి కాస్తా మాయమై
నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

"ఎవరిదండీ ఇది?" అన్నాడు యెషయా.
చాలామందిదిరా.
"ఆళ్లకి తెలుసా?"
నేను నరం వెతుకుతున్నట్టు నటించాను.

వెళ్లేముందు కరుణమ్మ కొంగు సర్దుకుంటూ
"ఓ సీసా ఇంట్లో ఉంచుకోవచ్చా అమ్మా?
రేవులో పడవ రాత్రుళ్లు దొరకదు.
ఐసుపెట్టి మాకేదీ?"
లేబుల్ వెలుతురుకి పట్టి చదివాను:
బయట ఆరు నెలలు ఉండొచ్చు,
ఇరవై ఐదు డిగ్రీలు దాటకపోతే.
వైశాఖం. ఇంకా తెల్లారలేదు.
గోడమీద ముప్పై.

కొత్త కుండ, తడి ఇసక, మీద గోనెపట్టా,
సీసాకి మాత్రం తడి తగలకూడదు, అని చెప్పబోతుంటే
కరుణమ్మ సీసాను గుడ్డలో చుట్టి
జాకెట్టు దగ్గరికి తీసుకెళ్లి, మళ్లీ ఆగి,
ఒంటి వేడి తగులుతుందని
చేతిసంచిలో పెట్టుకుంది.
"చేపలెండబెట్టేదాన్ని.
తడి సంగతి నాకు తెలుసులే."