నాలుక్కే పొద్దుగూకే చోట

పెళ్లికూతురు తన్విక వీడియో కాల్‌లో అడిగింది:
"అక్కడ ఇంతకుముందు ఎవరూ చేసుకోలేదు కదా?"
లేదమ్మా, అన్నా.
బేతంచర్ల దాటినాక ఎడమకు తిరిగే మట్టిదోవలో
పదకొండేళ్లుగా ఎవరికీ పనికిరాని బండల గని అది.
పెళ్లి మాట అటుంచు,
మేకలు కూడా అందులోకి దిగవు.

హైదరాబాద్ నుంచి ప్లానర్ వచ్చింది, శ్రేష్ఠ మేడం.
చేతిలో ముప్పై నాలుగు పేజీల పట్టిక.
జనరేటర్లు రెండు, ఒకటి మొరాయిస్తే ఇంకొకటి.
ముసలోళ్లు దిగడానికి చెక్కమెట్లు, పట్టుకోడానికి మోకు.
నీళ్ల ట్యాంకరు, అంబులెన్సు, పాములు పట్టే మనిషి.
తేనెటీగలక్కూడా ఒక గడి ఉంది అందులో.
నాకొచ్చిన గడి:
'మౌలాలి, లోకల్ ఫోటోగ్రాఫర్. వెలుగు చూసుకోవాలి.'

వెలుగు ఫోన్లో చూసుకున్నా.
ముహూర్తం అయిదూ ఇరవై, గోధూళి.
ఆరుంబావు దాకా ఎండ ఉంటుందని ఫోను చెప్పింది,
బంగారు రంగు గీత గీసి మరీ చూపించింది.

మా అమ్మ కాశింబీ రొట్టె తడుతూ నవ్వింది.
"ఆ గుంతలో నాలుక్కే పొద్దుగూకుతాది రా.
పడమటి గోడ నీడ కాళ్లమీదికొస్తే
మేస్త్రీ సూడకుండా గంపలు సర్దుకునేటోళ్లం.
గడియారం ఎవురికుండె?"

మర్నాడు పోయి నిలబడినా.
మూడూ యాభై ఎనిమిదికి నీడ నా చెప్పులెక్కింది.
నాలుగూ పదికి కెమెరా
ఏం తీయమంటావన్నట్టు గరగరమంది.

అయ్యవారు ముహూర్తం జరపనన్నాడు.
గోడ జరపడం ఎవరి వల్లా కాదు.
పట్టికంతా వెతికినా గోడకు గడి లేదు.

పెళ్లినాడు వెండి రిఫ్లెక్టర్లు తెచ్చి
తూరుపు గట్టుమీద, ఎండ ఇంకా మిగిలున్న చోట విప్పితే
మాఘమాసం గాలి ఒకదాన్ని ఎత్తుకుపోయి
శనగచేన్లో పారేసింది.
రెండోదానితో పాటు అసిస్టెంటు పిల్లోడే పోబోయినాడు.

పెళ్లి చూడ్డానికని వచ్చిన అమ్మ
చెప్పులు విడిచింది.
"అన్నాల బల్లలమీదికని పాలీషు బండలు తెచ్చినారు గదా.
బండ గాలికి జంకదు. పట్టుకరా."

మద్దక్క, ఎల్లక్క, అమ్మ,
మోకాళ్ల నొప్పులని గని మానుకున్న ముగ్గురూ
కొత్త చీరల్లో
ఒక్కో బండను నడుముకానించి, నీళ్లు చిలకరించి
పొద్దుకెదురుగా వంచినారు.

కింద, నలభై అడుగుల లోతులో
మొదట అయ్యవారి గుండు మెరిసింది.
ఇంకొంచెం కిందికి! అని అరిచినా.
తర్వాత తలంబ్రాల పళ్లెం.
తర్వాత తన్విక చెక్కిలి మీద
పల్చగా, మజ్జిగతేట లాంటి వెలుగు,
సన్నగా వణుకుతూ.
వణికేది ఎండ కాదు, మద్దక్క మోచెయ్యి.
జీలకర్రాబెల్లం పెట్టే ఆ నిమిషంన్నరా
చేతులు దించలేదు వాళ్లు.
నూటా పన్నెండు తీసినా.
మేడం తర్వాతి గడికి టిక్కు పెట్టుకుంది.

ఆల్బం చేసే పిల్లోడు మెసేజి పెట్టినాడు:
'అన్నా, పైన గట్టుమీద ముగ్గురు ఆడోళ్లు పడినారు,
చెరిపేసేదా?'
నేనింకా జవాబియ్యలేదు.
ఇరవై రెండు వేల బాకీ వాళ్లూ ఇంకా ఇయ్యలేదు.

ఒకటి ప్రింటు తీసి అమ్మకిచ్చినా.
అద్దాలు కొంగుతో తుడుచుకుని చాలాసేపు చూసింది.
పెళ్లికూతుర్ని చూడలేదు, తననూ చూసుకోలేదు.
వాళ్ల వెనక గోడమీద వేలు పెట్టి
పొర తర్వాత పొర కిందికి దిగుతూ పోయి
ఏడో పొర దగ్గర ఆగింది.
"ఈడ బండ వంకరగా లేసింది సూడు.
తొందరపడి ఉలి దింపినారు.
ఎవురబ్బా, ఆ పొద్దు..."
పేరు గుర్తుకు రాక
ఫోటోను కిటికీ వైపు
కొంచెం వంచి పట్టుకుంది.