ఇరవై పొరల బొంత

గార్మెంట్స్‌లో ఉన్నన్నాళ్లు గంటకు తొంభై కాలర్లు.
ఇక్కడ పొద్దంతా కుట్టినా మూరెడు అంచు.
"నిదానం రెడ్డెమ్మా, ప్రతి సూదిబెజ్జంలోంచీ
వేడి కారిపోతుంది" అన్నాడు ఫెర్నాండిస్ సారు
మొదటి దినమే.
తక్కువ కుడితే మెచ్చుకునే పని
నేను యాడా చూడలేదు.

పీణ్యా రెండో స్టేజీ. గాలి కూడా వడగట్టుకోని వచ్చే గది.
గాజులు బయట, పూలు బయట, మొగానికి పౌడరు కూడదు.
దారం పళ్లతో కొరకకూడదని
కన్నడంలో, ఇంగ్లీషులో రాసి గోడకు అంటించినారు.
గంగరత్న నాకోసం తెలుగులో చెప్పింది,
నవ్వుకుంటా.

బంగారు రంగు రేకు, దోమతెర లాంటి వల,
మళ్లా రేకు, మళ్లా వల. ఇరవై పొరలు.
బాగేపల్లిలో మా అమ్మ పాతచీరలతో కుట్టిన బొంతకు
నాలుగే పొరలు. అయిదుగురిని కప్పింది.
ఇది ఎవురిని కప్పుతాది సార్ అంటే
"ఎవురూ ఉండరు. ఒక యంత్రం. చంద్రుని మీద చలి."

టీ కాడ సారు కతలు చెప్పేవాడు.
తొలినాళ్లలో ఒక కుక్కను పంపినారంట, వీధికుక్కనే,
తిరిగొచ్చే ఏర్పాటే లేదంట.
గంగరత్న గ్లాసు కింద పెట్టేసింది.
చంద్రుని మీద నడిచినోళ్ల అంగీలు
ఆడోళ్ల లోపలిబట్టలు కుట్టే కంపెనీలో కుట్టినారంట.
"ఆ కుట్టినోళ్ల పేర్లేమి సార్?"
ఆయన చానాసేపు తల గోక్కున్నాడు.
ఇదే పీణ్యాలో, రేకుల షెడ్ల కింద
మన తొలి ఉపగ్రహం చేసినారంట.
తరవాత ఇంకోదాన్ని ఎద్దులబండి ఎక్కించి తోలినారంట.
ఎద్దుల పేర్లు అడగలేదు నేను.

ఆ రాత్రి రెండు గంటలప్పుడు
బాగల్‌గుంటెలో ఓనరమ్మ టీవీ ముందర పదిమందిమి.
తెర మీద చుక్క దిగుతా దిగుతా
గీత వదిలి పక్కకు పోయింది. ఆగింది.
తెరలో ఉన్నోళ్లు మాట్లాడలేదు, మేమూ మాట్లాడలేదు.
నేను వేళ్ల మీద లెక్కబెట్టుకుంటా ఉన్నా:
కుడిపక్క ఒంపు కాడ ఒక కుట్టు
రెండుసార్లు పడింది,
జ్వరంతో వచ్చిన దినం.
ఎవురికీ చెప్పలేదు.

తెల్లారి చెప్పినా.
సారు నా మొగం చూసి, "దారం కాదమ్మా, దారం కాదు" అన్నాడు.
నమ్మినా.
నమ్మినాక కూడా పదిదినాలు
ఇడ్లీ ప్లేటు మీద, బస్సు సీటు మీద
వేలితో ఆ ఒంపే గీసుకుంటా ఉన్నా.

నాలుగేండ్లకు ఇంకొకటి దిగింది. నిలబడింది.
మైసూర్‌పాకు పంచినారు.
జిడ్డు చేత్తో గ్లవుసు ముట్టబోయి
మళ్లా పోయి సోపుతో కడుక్కున్నా.
పద్నాలుగు దినాల ఎండ అయిపోయినాక
అక్కడ రాత్రి పడింది, అదీ పద్నాలుగు దినాలే.
తిరిగి ఎండొచ్చినా అది లేవలేదు.
లేస్తాదని ఎవురూ మాటియ్యలేదులే.
అయినా అనిపించింది,
ఇంకొక్క పొర.

ఇప్పుడింక మనుషులంట.
గదిలో కొత్త బల్ల వేసినారు.
"వాళ్ల భుజాలు ఎంత వెడల్పు సార్?"
ఆ కొలతలు మనకు రావు, మనది పెట్టెకు పైబొంతే అన్నాడు.
లోపల ఊపిరి ఉంటాది కదా అన్నా.
ఉంటాది అన్నాడు.
ఆ దినం జానెడే కుట్టినా.

సాయంత్రం ఎనిమిదో మైలు కాడ బస్సు దిగితే
ఫ్లైఓవరు గోడ మీద చంద్రుడు, సగం.
కింద తుమకూరు లారీలు.
అక్కడ గాలి లేదంట, దారం కదలదంట.
పగిలిపోయిన దాని బొంత కూడా
యాడో దుమ్ములో పడి ఉంటాది,
నా జ్వరం కుట్టుతో సహా.

ఇంటికొస్తే ఓనరమ్మ మనవడి బడి అంగీ
గుండీ తెగి నా తలుపుకు తగిలించి ఉంది.
కాళ్లు కూడా కడుక్కోకుండా కూచోని కుట్టి
దారం పళ్లతో కొరికినా.