హిండ్రెన్స్ రిజిస్టర్

గుణుపురం దిగువన, వంశధార ఒడ్డున,
ఐదో పియరు పక్క రేకుల షెడ్డులో
పోయిన రోజులకి పద్దు రాస్తుంటాను.

జులై తొమ్మిది నుంచి ఇరవై ఏడు దాకా వరద. పంతొమ్మిది.
ఆవలి గట్టున రోడ్డుకి భూమి అప్పగించలేదు. నలభై ఒకటి.
పునాది డ్రాయింగు మార్చారు, మార్చింది మళ్లీ మార్చారు. ముప్పై మూడు.
ఇందులో పదకొండు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.
రెండు అడ్డంకులు ఒకే రోజు వచ్చినా
కాంట్రాక్టు ఇచ్చేది ఒక్క రోజే.
మేస్త్రీ గవరయ్య నవ్వాడు:
"మా ఇంటికాడ అలాగవదు బాబూ,
రెండొస్తే రెండూ లెక్కే."

పద్నాలుగు రోజుల్లో నోటీసు అందకపోతే
కురిసిన వాన కురవనట్టే.
కిందటేడు ఒక తుపాను అలాగే పోగొట్టుకున్నాను.
సెంట్రింగు కొట్టుకుపోయింది, ఇసక కట్ట తెగింది,
నా ఉత్తరం పదహారో రోజున రాయగడ చేరింది.

ఈసారి పాణిగ్రాహి గారు సాక్ష్యం అడిగారు.
నీరు ఎంత ఎత్తుకొచ్చింది, ఎవరు చూశారు?
గేజీ పలక వరదతోనే వెళ్లిపోయింది.
చూసినవాడు పడవ బైరాగి బెహరా ఒక్కడే.
సగం తెలుగు, సగం ఒడియా కలిపి
"రాయి మీద గీత పెట్టేను" అన్నాడు.
మొలలోతు నీళ్లలో దిగి చూపించాడు.
ఉలి గీత, ఇంకా తెల్లగా ఉంది.
జానెడు పైన నాచు పట్టిన ఇంకో గీత,
వాళ్ల నాన్న పెట్టినది.
దానికి ఏ క్లాజూ వర్తించదు.

వేలిముద్ర వేసి, సిరా లుంగీకి తుడుచుకుంటూ అడిగాడు:
"అయితే వంతెన ఎప్పుడికవుద్ది?"
ఎనభై రెండు అడుగుతున్నాం,
అరవై ఇస్తే గొప్ప, అన్నాను.
కణుపుల మీద బొటనవేలు నడిపించాడు.
"అరవయ్యంటే ఎనిమిది సంతలు.
ఎనభై రెండైతే పదకొండు."
కాసేపు నీళ్ల వైపు చూశాడు.
"గట్టిగా రాయండి బాబూ."

ఆ రాత్రి గట్టిగానే రాశాను.
పేరా ఏడులో అతని గీత,
అనుబంధం నాలుగులో అతని వేలు.
పొద్దున్నే మా కూలీల్ని, సిమెంటు బస్తాల్ని
పియరు దగ్గరికి చేర్చేది అతని పడవే
అన్న మాట మాత్రం ఎక్కడా పట్టలేదు.

నిన్న ఆర్డరు వచ్చింది.
డెబ్భై ఒక్క రోజులు. కోత లేదు, పైకమూ లేదు.
గట్టు మీదికి పరుగెత్తి అరిచాను:
"బైరాగీ! పది సంతలు!"
నడి ఏట్లో ఉన్నాడు.
విన్నాడో లేదో,
మేకకి ఎంతివ్వాలని
ఎవరితోనో బేరంలో ఉన్నాడు.