ఇనుప వేలు

ఆటోనగర్లో మా షెడ్డు.
ఎడంపక్క లారీలకు కమాన్‌కట్టలు మారుస్తారు,
కుడిపక్క రేడియేటర్లకు మాట్లు వేస్తారు.
మధ్యలో మేం
పిండి రుబ్బే రాళ్లను
అట్టపెట్టెల్లో పడుకోబెడతాం.

మొదటి ఆర్డరు జర్మనీ నుంచి.
ఊరి పేరు పలకబోయి
మస్తాన్‌వలి రెండుసార్లు నాలుక కరుచుకున్నాడు.
కొన్నది మనవాళ్లు కాదు, ఇడ్లీకీ కాదు.
కోకో గింజలు రుబ్బి
చాక్లెట్ చేస్తారట మన రాతితో.
ఆ సాయంత్రం షెడ్డంతటికీ మిరపకాయ బజ్జీలు.

మూడో వారానికి
తెరమీద మా సరుకు బొమ్మ బూడిదరంగు తిరిగింది.
అమ్మకం ఆపారు.
కాగితాలు పెట్టమన్నారు.
ఏ కాగితాలు అంటే
పదకొండు పేజీల జవాబు.

వాళ్ల ప్లగ్గుకి గుండ్రటి కాళ్లు,
ఇంగ్లండుకైతే పలకలు,
ఆస్ట్రేలియాకి ఏటవాలుగా, కోపమొచ్చిన కనుబొమల్లా.
కరెంటు ఒకటే,
గోడలోకి దూరే గుమ్మాలే వేరు.
గిన్నె స్టీలు తిండికి తగిలితే ఏం వదులుతుంది?
రాతిని అతికించిన బంక పేరేమిటి?
బంక పేరు అమ్మిన కొట్టువాడికే తెలీదు,
పసుప్పచ్చ డబ్బా అంటాడు.
మా తరఫున అక్కడొక మనిషుండాలి,
అతని అడ్రసు పెట్టె మీదుండాలి.
ముక్కూమొహం ఎరగనివాడికి
ఏడాదికింతని కట్టి
మా పేరుకి పూచీ పెట్టుకున్నాం.

అన్నిట్లో నాకు నచ్చింది భూమి తీగ.
ఆకుపచ్చా పసుపూ చారలది.
దారి తప్పిన కరెంటుని
చెయ్యి పట్టుకుని మట్టిలోకి దింపేది.
ఏ దేశమైనా చివరికి అడిగేది అదే:
తప్పు జరిగితే అది ఎటు పోతుంది?

మస్తాన్ తన ఆటో ట్రాలీ అమ్మేశాడు,
ల్యాబు ఫీజు కట్టాం.
నెలన్నరకి రిపోర్టు.
అన్నీ పాసు, ఒక్కచోట ఫెయిలు.

ఫోటో కూడా పెట్టారు.
ఇనుప వేలు ఒకటి,
కణుపులున్నాయి, గోరు లేదు,
మూత సందులోంచి లోపలికి వంగి
తిరిగే రాయిని ముట్టుకుంటోంది.
కింద ఒకే వాక్యం: వేలు దూరుతుంది.

నేను నవ్వాను.
తిరిగే రోట్లో వేలెవడు పెడతాడయ్యా,
పనిలేనివాళ్లంతా ల్యాబులు తెరిచారు, అన్నాను.

మూతలు బిగించే దానమ్మ
స్క్రూడ్రైవరు పక్కన పెట్టి వచ్చింది.
ఫోటోని చాలాసేపు చూసింది.
గవర్నరుపేట టిఫిన్ హోటల్లో
పిండి తోస్తూ పోగొట్టుకుంది,
కుడిచేతి చూపుడువేలు, రెండో కణుపు దాకా.
ఆ పూట పారబోసిన పిండి ఖరీదు
ఆమె జీతంలో పట్టుకున్నారు.

"దీన్ని ఎన్నిచోట్ల పెడతారండీ?"
ప్రతి సందులోనూ.
"ఎవరి వేలో?"
ఎవరిదీ కాదు, కొలతంతే.
"మంచిదే. నొప్పెట్టదు."
మళ్లీ వెళ్లి మూత బిగించుకుంది.

మూత తీస్తే ఆగిపోయే స్విచ్చు,
సందుకి ప్లాస్టిక్ అంచు,
ఒక్కోదానికి నూట నలభై రూపాయలు.
డిసెంబరులో మా బొమ్మకి రంగు తిరిగొచ్చింది.

ఇప్పుడు షెడ్డులో రెండు వరసలు.
ఓడెక్కేవి ఒకటి,
వన్‌టౌన్ కొట్లకు పోయేవి ఒకటి.
డీలరు లెక్క తేల్చేశాడు:
"ఇక్కడెవడు చూస్తాడు గురూ,
ఆ నూట నలభై తీసెయ్."
నిబంధన ఇక్కడా ఉంది.
వంగి చూసే వేలే లేదు.

నిన్న పొద్దుగూకాక కరెంటు పోయింది.
ఫోను వెలుగులో చూశాను:
దానమ్మ రెండో వరస దగ్గర
ఒక్కో యంత్రం మూత సందులో
ఎడంచేతి చూపుడువేలు పెట్టి చూస్తోంది,
దూరినదాన్ని ఎత్తి పక్కన పెడుతోంది.

వరసంతా పక్కకొచ్చేసింది.

డీలరుకి ఫోను చెయ్యాలి.
కరెంటు ఇంకా రాలేదు.