అద్దాల లెక్క

ఆగస్టు వస్తే మా ఇంట్లో రెండు పనులు.
కొడుకు అద్దాలు పగలగొడతాడు.
మొగుడు కొత్తవి బిగిస్తాడు.

వాడేం రాళ్ళు రువ్వడు లెండి.
వాడికో లారీ ఉంది, దాని మీద ఇల్లంత ఎత్తున స్పీకర్లు.
ఇరవై నాలుగు నోళ్ళు,
అన్నీ కలిసి మన గుండెకాయ మీదే గుద్దుతాయి.
హోరెగ్ అంటారు మా జావా మాటలో. వణుకు అని.
ఆ వణుకు కోసం మలాంగ్ అవతలి ఊళ్ళ నుంచి
కుర్రాళ్ళు మోటార్‌సైకిళ్ళ మీద వస్తారు,
చెవుల్లో దూది కుక్కుకుని మరీ వినడానికి.

జెండా పండుగకు వారం ముందు
ఊరి పెద్ద ఇంటింటికీ కాగితం పంచాడు.
కిటికీలకు టేపు అంటించుకోండి,
గాజు గిన్నెలు కిందికి దించండి,
చంటిపిల్లల్ని చుట్టాలింటికి పంపండి.
మా ఆయన తుకిరాన్ అది చదివి
గాజు కోసే ములికిని చొక్కాకు తుడుచుకున్నాడు.
"మూడు మిల్లీమీటర్లది ఇంకో పెట్టె చెప్పనా?"
నన్నే అడిగాడు, కొడుక్కి వినపడేలా.
గలీహ్ అన్నం కలుపుతూ నవ్వాడు.
లారీ అప్పు ఇంకా ముప్పై ఒక్క నెలలుంది.

లారీ పట్టదని ఊరి ముఖద్వారం ఒక పక్క కూలగొట్టారు.
చందాలేసుకుని కట్టినవాళ్ళే.
ముందు మెరుపు గౌన్ల ఆడపిల్లలు,
ఈకల కిరీటాలు, నల్ల కళ్ళద్దాలు,
మూడు నెలలు నేర్చిన అడుగులు.
వెనక మావాడు.
నా పొయ్యి మీద టెంపే వేగుతున్న మూకుడు
దానంతటదే జానెడు నడిచింది.
గోడ మీది బల్లి ఊడిపడింది.
తిట్టాను. తిడుతూనే
నా బొటనవేలు తాళం వెయ్యడం చూసి
చీకట్లోకి లాక్కున్నాను.

మసీదు దాటితే లస్మీ అవ్వ ఉండే సందు.
మూడ్రోజులుగా ఊపిరి ఒక్కొక్కటే తీస్తోంది.
ఎవరూ ఆపమనలేదు.
అన్నా వాడికి వినపడదు.
వాడే మీట తిప్పాడు.

ఊళ్ళోంచి ఏదో పెరికేసినట్టయింది.
ఫోన్లు ఎత్తి పట్టుకున్న కుర్రాళ్ళు ఈలలేశారు,
డబ్బులిచ్చాం కదరా అని అరిచారు.
ఆడపిల్లలు మాత్రం ఆగలేదు.
పదకొండు ఇళ్ళ పొడుగూ పాట లేకుండానే ఆడారు.
చెప్పుల చప్పుడు,
ఎవరో నోట్లోనే లెక్కబెట్టుకుంటున్న గుసగుస,
ఒకటి రెండు మూడు, తిరుగు,
ఒకటి రెండు మూడు.
అవ్వ ఇంటి కిటికీ రెక్క బెత్తెడు తెరుచుకుంది.
తీసిన చెయ్యి ఎవరిదో నేను చూళ్ళేదు.
సందు చివర మళ్ళీ భూమి అదిరింది.

రాత్రి చేతులు కడుక్కుంటూ తండ్రి అడిగాడు.
"ఎన్ని?"
"బడి దగ్గర నాలుగు. బియ్యం కొట్టు షోకేసు."
"ఆ సందులో?"
వాడు తల అడ్డంగా ఊపాడు.
తుకిరాన్ ఇంకేమీ అనలేదు.
లెక్కల పుస్తకంలో సందు పేరు రాసి
ఎదురుగా సున్నా చుట్టాడు,
పెన్ను తీయకుండా రెండుసార్లు.

వంటింటి కిటికీ మూల నుంచి మూలకి చీలి ఉంది.
మా ఇంటికి టేపు వెయ్యడం
ఎవరికీ గుర్తు రాలేదు.