తరుగు

బత్తాయి మార్కెట్ల కాంటా కాడ కూసునేది నేనే.
నల్లగొండ చుట్టూరున్న తోటల బరువంత
నా వేళ్ళ కింది నుంచే లారీ ఎక్కుతది.
టన్నుకింత తరుగు తీసి రాయమంటడు సేటు.
రైతు నా దిక్కు జూస్తడు,
నేను కాయితం దిక్కు జూస్త.

గదే పుస్తకం ఆఖరి పేజీల
ఇంకో లెక్కున్నది.

సేటు కొడుకు పట్నం నుంచి
బత్తాయిల డబ్బల్నే ఏస్కొచ్చిండు దాన్ని.
గ్రేట్ డేనంట, పేరు బ్రూనో అంట.
హమాలీల నోట్ల వడి
పొద్దుగూకేసరికి బురునోడయ్యిండు.
మనిషి మూరెడు లేడు గని
పాదాలు మాత్రం ఎవరి కాడనో ఎరువు దెచ్చుకున్నట్టు
గింతగింత.

కాంటా మీద నిలవడు.
రేకు సల్లగ తగిలితే ఉచ్చ వోస్తడు.
ఎత్తుకొని నేనే ఎక్కిన: నలభై రెండున్నర.
దించి ఒక్కదాన్నే ఎక్కిన: ముప్పై మూడు.
పోతే, తొమ్మిదిన్నర కిలోలు కుక్కపిల్ల.
పద్నాలుగేండ్ల కొలువుల
నన్ను నేను తరుగు కింద తీసేసుకున్నది
గదే మొదలు.

ఐతారం ఐతారం, గేటు మూసినంక.
పదకొండు. పదమూడు. పదిహేను మీద రెండొందల గ్రాములు.
ఒక వారం జొరమొచ్చి అన్నం ముట్టలె,
ఆ గడిల అంకె రాయబుద్ధిగాక
సుక్క వెట్టి ఇడిశిన.

సేటు తల్లి కౌసల్యమ్మకు మురిపెం ఎక్కువ.
నెయ్యి బువ్వ, గిన్నెడు పాలు,
పైకెల్లి పొద్దుమాపు సున్నం బిళ్ళలు.
పశువుల డాక్టరు ఖలీల్ సారొచ్చి
నా పేజీ మొత్తం సదివి కండ్లద్దాలు తీసిండు.
"పెద్ద జాతమ్మా ఇది, ఉరికి పెరగొద్దు.
బిళ్ళలు బందు జెయ్యుండ్రి.
పక్కబొక్కలు కంటికి కానరావొద్దు, చేతికి తెల్వాలె.
కండ ముందుకు వోయి బొక్క ఎనకవడితే
కాళ్ళు వంగుతయి."
వంగుతయి అన్నకాడ
నన్ను జూడకుండ గోడ మీది క్యాలెండర్ జూసిండు.

మాది మర్రిగూడ దిక్కు.
బోరింగు నీళ్ళు తేటగనే ఉండె.
ఏటేటా మా నాయిన నన్ను తలుపు పక్కన నిలవెట్టి
గోడకు బొగ్గు గీత గీస్తుండె.
పదకొండో ఏడు, గీత మీదనే గీత వడ్డది.
పన్నెండో ఏడు జానెడు కిందికి వడ్డది.
బొగ్గు ముక్కను పొయ్యిల ఏసిండు గని
ఒక్క మాటన్లె.

బురునోనికి బోరు నీళ్ళు తాపనియ్య.
నా సీసల నీళ్ళు సగం వాని తట్టల వోస్త,
సేటు కొడుకు నవ్వుతడు, నవ్వనీ.
తూకమైనంక ముంగాళ్ళ మీద బొటనవేలు వెట్టి
మోకాలు నుంచి పంజా దాక
మెల్లగ కిందికి గుంజుత,
దారానికి పురి ఎక్కిందా అని జూసినట్టు.
వాడు నా చెవు నాకుతడు.

అయిదో నెల నడుమ ఒక ఐతారం
ఎత్తబోయిన, లెవ్వలె.
వాడే ఎక్కి నిలవడ్డడు.
తోక ఊగినంతసేపు అంకెలు వణికి వణికి
ముప్పై మూడు కాడ ఆగినయి.
హమాలీ బక్కులు మూట మీద కూసోని బీడీ ముట్టిస్తున్నడు.
"సైదమ్మా, కుక్కా నువ్వూ సమానమైతిరి.
ఇగ నిన్ను తీసెయ్యాల్సిన పనే లేదు లెక్కల" అన్నడు.
నవ్వుదామనుకున్న.
వాని మెడ మీద చెయ్యేసి
కాంటా దిగకుండ జరసేపు పట్టుకున్న.

ఇప్పుడు నలభై ఆరు.
నిలవడితే వాని వీపు నా ఛాతీకొస్తది.
తూకం గడి పక్కన సరుకు వివరం రాసే గడిల
రాసిన, తప్పుల్లేకుండ, కూడబలుక్కొని:
ఎడమ కాలు తిన్నగ.
కుడి కాలు తిన్నగ.
పేజీ నిండింది.
వచ్చే ఐతారానిది
అట్ట మీద రాయాలె.