నాలుగు కేజీలకు లీటరు

గుణుపురం దాటాక వంశధార అవతలి గట్టున
సొంబారి మెట్ట.
చోళ్లు మానేసి నేపాళం నాటమన్నారు.
మొక్కలు ఊరికే ఇచ్చారు.
మేక ముట్టదు, కంచె అక్కర్లేదు. అదీ నిజమే.

మూడో ఏటికి కాయ.
నాలుగు కేజీలు ఆడిస్తే లీటరు నూనె,
వడగట్టి నా పాత ఇంజిన్లో పోశాం.
దగ్గింది, ఉమ్మింది,
ఆనక గంటంబావు నడిచింది!
పొగ నిండా బూరెలు వేస్తున్న వాసన.
పిల్లలు దాని వెంట పరిగెత్తి
ఉత్త చేతుల్తో తిరిగొచ్చారు.

సొంబారి నవ్వలేదు.
నేపాళం పాదుల్లోకి పారుతున్న నీళ్లు చూసి అంది:
"ఇంజినుకి మేత. ఆ మేతకి నీళ్లు. నీళ్లకి ఇంజిను.
మరి నాకేటి, మేస్త్రీ?"

ఈ ఏడు గట్టు మీద కానుగ, నడుమ చోళ్లు.
ఇంజిను నా షెడ్డులోనే ఉంది,
నోరు తెరుచుకుని.